గుంటూరు యాసతో బర్న్‌లీ పబ్బు గుమ్మంలో

"ఇక్కడివాళ్లా, బయటి జట్టువాళ్లా?" అని అడిగాడు గుమ్మం దగ్గర నిలబడ్డ బౌన్సర్. నేను ఏమీ చెప్పకుండా నవ్వాను. అతను నా నోటి నుంచి ఒక్క మాట రావాలని చూస్తున్నాడు. ఇంగ్లండ్‌లో యాస వింటే ఏ ఊరివాడో తెలిసిపోతుంది, ఊరు తెలిస్తే జట్టు తెలిసిపోతుంది. చివరికి "లోపల భోజనం దొరుకుతుందా?" అని అడిగాను. పాపం, ఆయన మొహంలో అయోమయం స్పష్టంగా కనపడింది. నాది గుంటూరు యాస. దాన్నిబట్టి ఏ జట్టని తేలుస్తాడు?

అప్పుడు జాకెట్ కింద నుంచి స్కార్ఫ్ చివర బయటికొచ్చింది. నీలం, తెలుపు. బర్న్‌లీ వాళ్లది ముదురు ఎరుపూ లేత నీలమూ. "సారీ, ఇది మా వాళ్లకి మాత్రమే" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, తోసెయ్యలేదు, విసుక్కోలేదు. కానీ వీధిలో పదిమంది చూస్తుండగా వెనక్కి తిరగడం ఎంత చిన్నతనంగా ఉంటుందో పెళ్లి భోజనంలో తప్పు పంక్తిలో కూర్చుని లేపించుకున్నవాళ్లకి తెలుస్తుంది.

2022 అక్టోబరు ఆఖరి శనివారం, మా రెడింగ్ జట్టు ఉత్తర ఇంగ్లండ్‌లోని బర్న్‌లీకి వెళ్లి ఆడిన రోజు సంగతి ఇది. నేను ఉండేది రెడింగ్‌లో, లోయర్ ఎర్లీ వైపు. సాయంత్రం పార్కులో తిరిగితే నాలుగడుగులకో తెలుగు మాట వినపడే చోటు. అక్కడికి దగ్గర్లోనే రెడింగ్ ఫుట్‌బాల్ క్లబ్ స్టేడియం. మొదట ఆఫీసులో ఎవరో టికెట్ ఇస్తే వెళ్లాను, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత సీజన్ టికెట్ కొన్నాను. కానీ సొంతూరి స్టేడియంలో ఎన్నాళ్లు పక్కపక్కన కూర్చున్నా పక్క సీటాయనతో గోల్ పడ్డప్పుడు చేతులు కలపడమే తప్ప మాటల్లేవు. "ఎవే మ్యాచ్‌కి రా, అప్పుడు తెలుస్తుంది" అని ఒకసారి అన్నాడాయన. ఎవే అంటే మన జట్టు అవతలి జట్టు ఊరికి వెళ్లి ఆడేది. డెబ్బై దాటిన మనిషి. పెద్దాయన అనే రాస్తాను.

బయల్దేరే ముందు రోజు రాత్రి మా బావమరిది గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. "టీవీలో చూసుకోవచ్చుగా బావా, అంత చలిలో పడి పోవడమేంటి?" అన్నాడు. టీవీలో రాదు. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఫుట్‌బాల్ లైవ్ వెయ్యరు. ఇంట్లో కూర్చుని పెద్ద మ్యాచ్ చూస్తే చిన్న ఊళ్ల మైదానాలకి ఎవరూ రారన్న భయంతో 1960లలో పెట్టుకున్న కట్టడి. దానికోసం గట్టిగా పట్టుబట్టినవాడు బాబ్ లార్డ్ అని, అప్పటి బర్న్‌లీ క్లబ్ ఛైర్మన్. వృత్తిరీత్యా మాంసం కొట్టు యజమాని. ఆయన పేరుతో అక్కడ ఒక స్టాండు కూడా ఉంది. అంటే నన్ను సోఫాలోంచి లేపి బర్న్‌లీ పంపించింది ఒకరకంగా ఆ బర్న్‌లీ మనిషే.

టికెట్ దొరకడం కష్టం కాలేదు. పెద్ద క్లబ్బుల అభిమానులకి ఎవే టికెట్ అంటే ఏళ్ల తరబడి పాయింట్లు పోగేసుకోవాలి. ఎన్ని మ్యాచ్‌లకి వెళితే అన్ని పాయింట్లు, పాయింట్లు ఎక్కువున్నవాళ్లకి ముందు అమ్మకం. ప్రీమియర్ లీగ్‌లోనైతే బయటి జట్టు అభిమానుల టికెట్ 30 పౌండ్లు దాటకూడదని 2016 నుంచి నియమం ఉంది. ఆ ఏడు మేమున్నది దానికి కింది డివిజన్, ఆ నియమం మాకు వర్తించదు. కానీ పొద్దున్నే లేచి అంత ఉత్తరానికి వెళ్లేవాళ్లు కొన్ని వందలమందే కాబట్టి అడిగిన రోజే ఇచ్చేశారు. రైలైతే మాంచెస్టర్ వెళ్లి, అక్కడ మళ్లీ మారాలి. ఆట అయ్యాక ఆఖరి రైలు తప్పితే ఇక అంతే. అందుకని అభిమానుల కోచ్‌లో, అంటే వాళ్లకోసం వేసే బస్సులో, సీటు తీసుకున్నాను.

దీపావళి అయి ఐదు రోజులు. మా ఆవిడ మిగిలిన జంతికలు ఒక పెద్ద డబ్బాలో పోసి ఇచ్చింది. "అక్కడ గొడవలేమైనా జరిగితే దూరంగా ఉండండి" అని పదిసార్లు చెప్పింది. ఆమె టెన్షన్‌కి కారణముంది. ఇక్కడి ఫుట్‌బాల్ గుంపుల గురించి మనవాళ్లు విన్నవన్నీ పాత కథలే, కానీ అన్నీ అబద్ధాలూ కావు. రంగు చూసి, పుట్టుక చూసి నినాదాలు చెయ్యడం 1991 చట్టం ప్రకారం నేరం. అలాంటిది ఎదురైతే మనం జవాబు చెప్పనక్కర్లేదు, స్టేడియంలో జనాన్ని చూసుకునే స్టీవార్డుకి సీటు నంబరు చూపిస్తే చాలు. ఆ రోజు నాకు ఆ అవసరం రాలేదు.

పొద్దున ఏడున్నరకి కోచ్ కదిలింది. కదలగానే బాధ్యత చూసే ఆవిడ మైకు తీసుకుని చెప్పిన మొదటి మాట: "సంచుల్లో మందు ఉంటే ఇప్పుడే చెప్పండి." నేను నవ్వులాట అనుకున్నాను. కాదు. 1985 నాటి చట్టం ప్రకారం ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లే కోచ్‌లో మద్యం ఉండకూడదు. తాగినవాళ్లకే కాదు, బండి నడిపించేవాళ్లకీ శిక్ష పడుతుంది. ఇంకో నియమం కూడా ఉంది, మామూలు ప్రయాణికులకి తెలియనిది. అభిమానుల కోచ్ ఆటకి రెండు గంటల కంటే ముందు మైదానానికి చేరకూడదు. పది మైళ్ల లోపు పోలీసుల అనుమతి లేకుండా పబ్బు దగ్గర ఆపకూడదు. అంటే మూడింటికి ఆటైతే ఒంటిగంట అయ్యాకే దిగాలి. ఆ రెండు గంటల్లోనే తిండి, పబ్బు, టాయిలెట్, మైదానంలోకి వెళ్లడం, అన్నీ. కోచ్‌లో వెళ్లేవాళ్లు పబ్బు గురించి ముందే ఎందుకు తేల్చుకోవాలో నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమై ఉంటే ఆ బౌన్సర్ ముందు నిలబడేవాణ్ని కాదు.

దారి పొడుగునా వాన. ఎం6 హైవే మీద సర్వీసెస్‌లో, అంటే దారి పక్కన బళ్లు ఆగే చోట, అరగంట ఆగాం. అక్కడ ఇంకో నాలుగు జట్ల అభిమానుల కోచ్‌లున్నాయి. టాయిలెట్ క్యూలో ఐదు రంగుల స్కార్ఫులు, అందరూ ఒకరినొకరు "మీరెక్కడికి?" అని అడుగుతున్నారు, మేడారం జాతర బస్సులు దారిలో టీ కొట్టు దగ్గర కలిసినట్టు. జంతికల డబ్బా మూత తీసింది అక్కడే. మొదట పెద్దాయన ఒకటి తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. "బాంబే మిక్స్‌కి చుట్టమా?" అన్నాడు. మన మిక్చర్‌ని ఇక్కడ అలా అంటారు. పెద్దన్నయ్య అన్నాను. డబ్బా కోచ్ చివరిదాకా వెళ్లి వచ్చేసరికి సగమైంది.

ఎం65 ఎక్కాక డార్వెన్ అనే బోర్డు కనపడింది. ఆ పేరు చదవగానే ఒళ్లు జలదరించింది. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వచ్చినప్పుడు గాంధీగారు ఈ డార్వెన్‌కి వచ్చారు. విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల పనులు పోయిన మిల్లు కూలీల ఊరికే వచ్చి, వాళ్ల మధ్యే బస చేసి మాట్లాడారు. బర్న్‌లీ కూడా నేత ఊరే, ఒకప్పుడు మగ్గాల మోతతో నిండిన ఊరు. చీరాల మగ్గం మీద బతికిన ఇళ్లలోకి మిల్లు గుడ్డ వచ్చి ఏం చేసిందో మా నాయనమ్మ చెప్పేది. గ్లాస్కో పంచె అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఇదంతా పెద్దాయనకి చెప్పాలనుకున్నాను కానీ ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

ఒంటిగంట దాటి ఐదు నిమిషాలకి దిగాం. మైదానం ముందున్న వీధి పేరు హ్యారీ పాట్స్ వే. హ్యారీ పాటర్ అని చదివి ఫోటో కూడా తీశాను. ఈయన మంత్రాలవాడు కాదు, 1959-60లో బర్న్‌లీని ఇంగ్లండ్ ఛాంపియన్‌గా నిలబెట్టిన మేనేజర్. ఇంత చిన్న ఊరు మొత్తం దేశానికి ఛాంపియన్ అయిందంటే వీధికి పేరు పెట్టుకోవడంలో తప్పేముంది.

నేను చేసిన తప్పు ఇక్కడే. పెద్దాయన "నాతో రా" అంటున్నా, ఒక్క నిమిషం అని చెప్పి టాయిలెట్ కోసం కనపడ్డ పబ్బుకి నడిచాను. ఆ తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను. తిరిగొచ్చేసరికి ఆయన అక్కడే వానలో నిలబడి ఉన్నాడు. "ఎవే మ్యాచ్‌లో పబ్బు నువ్వు ఎంచుకోవు, అదే నిన్ను ఎంచుకుంటుంది" అని, మైదానం పక్క గోడ వెంబడి తీసుకెళ్లాడు. నేను ఊహించినవన్నీ వేరు. చూసింది క్రికెట్ గ్రౌండ్.

నిజంగానే క్రికెట్ గ్రౌండ్. బర్న్‌లీ క్రికెట్ క్లబ్. బయటి జట్టు అభిమానులు కూర్చునే స్టాండుని ఆనుకునే ఉంది, అందుకే ఆ స్టాండుకి క్రికెట్ ఫీల్డ్ స్టాండ్ అని పేరు. వేసవిలో ఆట, శీతాకాలంలో శనివారాలు బయటి ఊళ్లనుంచి వచ్చేవాళ్లకి బారు. తడిసిన పచ్చగడ్డి, కప్పేసిన పిచ్, దూరంగా సైట్ స్క్రీన్. ఇంగ్లండ్ తరఫున టెస్టుల్లో 704 వికెట్లు తీసిన జేమ్స్ ఆండర్సన్ కుర్రతనంలో బౌలింగ్ చేసింది ఈ క్లబ్బు తరఫునే. పక్క ఊరు నెల్సన్‌లో 1981లో కపిల్ దేవ్ లీగ్ ఆడాడు. ఫుట్‌బాల్ చూడ్డానికి ఇంత దూరం వచ్చి నేను బౌండరీ గీత మీద నిలబడి కపిల్ గురించి ఆలోచిస్తున్నాను. మా బావమరిదికి ఫోటో పంపిస్తే "ఫుట్‌బాల్ అన్నావుగా బావా?" అని మెసేజ్ పెట్టాడు.

లోపల కిటకిట. నీలం చారల చొక్కాలూ, ఎర్ర చొక్కాలూ కలిసే ఉన్నాయి. బర్న్‌లీ వాళ్లు కూడా వచ్చి మాతోనే తాగుతున్నారు. ఇక్కడ నాకు తెలియక చేసిన రెండో తప్పు. మేం ఐదుగురం. పెద్దాయన బారు దగ్గరికి వెళ్లి ఐదుగురికీ తెచ్చాడు. నేను వెంటనే జేబులోంచి ఐదు పౌండ్ల నోటు తీసి "నా వాటా" అని చాచాను. ఆయన నోటు వైపు చూశాడు, నా వైపు చూశాడు, పక్కనున్నవాళ్లు పైకప్పు వైపు చూశారు.

దాన్ని రౌండ్ అంటారు. ఒకసారి ఒకరు అందరికీ కొంటారు. తర్వాత ఇంకొకరు. ఎవరూ లెక్క రాసుకోరు, కానీ ఎవరి వంతు వచ్చిందో అందరికీ గుర్తుంటుంది. హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ దగ్గర బిల్లు నేనంటే నేనని చొక్కాలు పట్టుకుని లాక్కుంటాం కదా, ఆ లాగులాట ఇక్కడ ఉండదు. అంతా మౌనంగా, వంతులవారీగా. డబ్బు చేతికివ్వడమంటే "నీతో నాకు లెక్క తేలిపోయింది" అని చెప్పినట్టు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, పదేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నా.

వంతు రాకుండా వెళ్లిపోయినవాడికి పేరు చెడుతుంది. అలాగని ఐదుగురి గుంపులో చేరితే ఐదు గ్లాసులు తాగాలి, మనకున్నది గంటన్నర. అందుకే అనుభవమున్నవాళ్లు ఎవే మ్యాచ్‌లో ఇద్దరిద్దరుగానో ముగ్గురుగానో విడిపోతారు. నాకు రాత్రి స్టేడియం నుంచి ఇంటిదాకా కారు నడిపే పని ఉంది, మొదటి సగం పింట్ అయ్యాక లైమ్ సోడాకి మారాను. తాగనివాళ్లకి నేను చెప్పేది ఒకటే. రౌండ్‌లో లైమ్ సోడా కూడా రౌండే, ఎవరూ ఏమీ అనుకోరు. ఏమీ వద్దని చేతులు కట్టుకుని నిలబడితేనే ఎబ్బెట్టుగా ఉంటుంది.

బారు దగ్గర ఒక బర్న్‌లీ పెద్దావిడ చిన్న గ్లాసులో బంగారు రంగు ద్రవం పోయించుకుని పైన వేడినీళ్లు కలిపించుకుంటోంది. ఆవిరి వస్తోంది. ఏమిటని అడిగాను. "బెనే అండ్ హాట్" అంది. బెనెడిక్టైన్ అనే ఫ్రెంచ్ లిక్కర్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ప్రాంతపు సైనికులు నార్మండీలో ఉన్నప్పుడు చలికి దీన్ని వేడినీళ్లతో తాగడం అలవాటు చేసుకున్నారు. యుద్ధం అయ్యాక అలవాటుతో సహా ఇంటికొచ్చారు. వందేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ప్రపంచంలో ఈ మందు అందరికంటే ఎక్కువగా అమ్ముడుపోయేది బర్న్‌లీ గని కార్మికుల క్లబ్బులో అని పేరు. ఆవిడ తన గ్లాసే నా చేతికిచ్చి వాసన చూడమంది. తేనె, ఏవో మూలికలు, వెనకాల ఘాటు. జలుబు చేస్తే మా నాయనమ్మ కాచే మిరియాల కషాయంలో ఎవరో దొంగతనంగా బ్రాందీ కలిపినట్టుంది.

రెండు నలభైకి అందరూ ఒక్కసారిగా లేచారు. క్లబ్బు గేటు నుంచి స్టాండు ప్రవేశద్వారానికి రెండు నిమిషాలు. సోదా చేసే స్టీవార్డు జంతికల డబ్బా దగ్గర ఆగిపోయాడు. గట్టిగా ఉండేవి విసరొచ్చని కాబోలు, ఒకదాన్ని విరిచి చూశాడు. పుటుక్కున విరిగింది. "తినేదే" అన్నాను. తిన్నాడు. పంపించేశాడు.

స్టాండు లోపలి నడవలో బీరు తాగొచ్చు, కానీ మైదానం కనపడే చోట చుక్క కూడా తాగకూడదు. అదీ 1985 చట్టమే. అందరూ మెట్ల కింద ఆఖరి గుక్క మింగి పైకి పరిగెడుతున్నారు. తమాషా ఏంటంటే గోడకి అవతల, ఆ క్రికెట్ గ్రౌండ్‌లో, వేసవిలో గ్లాసు చేత్తో పట్టుకుని బౌండరీ దగ్గర కుర్చీ వేసుకుని ఆట చూడొచ్చు. ఇవతల అదే పని చేస్తే కేసు. ఒకే గోడ, రెండు న్యాయాలు. మా పెద్దాయనకి ఇది నలభై ఏళ్ల నాటి పుండు, కదిపితే అరగంట మాట్లాడతాడు.

తిండి గురించి మనవాళ్లకి ఒక మాట. కౌంటర్ దగ్గర వేడివేడిగా కప్పులో పోసి ఇచ్చే బోవ్రిల్ అనేది సూప్ కాదు, టీ కాదు, గొడ్డుమాంసం సారం. వానలో తడిసి వచ్చినప్పుడు వాసనకి చెయ్యి దానంతటదే ముందుకి పోతుంది. తిననివాళ్లు అడిగి కొనుక్కోండి. "మీట్ అండ్ పొటాటో పై" అని పిండి మూతపెట్టి కాల్చేది ఉంటుంది, దానిలో కూడా సాధారణంగా అదే మాంసం ఉంటుంది. నేను "చీజ్ అండ్ ఆనియన్ పై" తీసుకున్నాను. మూత కొరికితే లోపల లావా. నాలుక కాలి మొదటి పది నిమిషాల ఆట సరిగా గుర్తులేదు.

సీట్లు చెక్కవి. పాత సినిమా హాలు నేల క్లాసు తర్వాత చెక్క మడత సీటు చూడటం అదే. కానీ ఎవరూ కూర్చోలేదు. ఎవే స్టాండులో తొంభై నిమిషాలూ నిలబడే ఉంటారు. మడత సీటు మోకాలి వెనక కొడుతూ ఉంటుంది, మరుసటి రోజు అక్కడ కమిలిపోతుంది. గోల్ పడితే ఆ చెక్కలన్నీ కలిసి దడదడమంటాయి. ముందు గోల్ మాదే. ఎవరో నన్ను వెనకనుంచి కౌగిలించుకుని రెండు వరసలు కిందికి తీసుకెళ్లారు. కళ్లజోడు ఊడింది, ఎవరో తెచ్చి చేతిలో పెట్టారు. రెండేళ్లలో హోమ్ మ్యాచ్‌లో ఒక్కసారి కూడా ఇలా జరగలేదు. కొన్ని వందలమంది వేలమంది మధ్య ఒక మూల ఉన్నప్పుడు పక్కవాడు ఎవడైనా మనవాడే అవుతాడు.

ఆట ఆఖర్లో బర్న్‌లీ రెండు గోల్స్ కొట్టింది. 2-1. ఎక్కువ రాయను. ఆ సీజన్ బర్న్‌లీ 101 పాయింట్లతో డివిజన్ గెలిచి ప్రీమియర్ లీగ్‌కి వెళ్లింది, మేం కింది డివిజన్‌కి దిగాం. ఆ రోజు ఆ సంగతి తెలియదు కాబట్టి బయటికి వస్తూ కూడా పాడుతూనే ఉన్నాం.

ఆట అయ్యాక పబ్బు లేదు. కోచ్ ఎక్కువసేపు ఆగదు, ఆగనివ్వరు కూడా. వచ్చేటప్పుడు బండి నిలిపిన చోటు ఫోటో తీసుకోండి. చీకట్లో, వానలో, ఓడిపోయిన మొహాల మధ్య అన్ని కోచ్‌లూ ఒకేలా ఉంటాయి. నేను వేరే బండి ఎక్కి సీటు దాకా వెళ్లి దిగాను. లైట్లు ఆర్పేశాక ఒక్కొక్కరూ నిద్రలోకి జారుకున్నారు. సర్వీసెస్‌లో ఆగినప్పుడు నలుగురికీ టీ కొని తెచ్చాను, నా రౌండ్ తీరిందన్న ధీమాతో. పెద్దాయన కప్పు తీసుకుని, "టీతో చెల్లదు, నీ వంతు అలాగే ఉంది" అన్నాడు.

పది దాటాక ఇల్లు చేరాను. ఆ రాత్రి గడియారాలు గంట వెనక్కి జరిగే రాత్రి, అలసటకి ఒక గంట బోనస్. మా ఆవిడ జంతికల డబ్బా అందుకుని ఊపి చూసింది. చప్పుడు లేదు.

"గెలిచారా?" అంది.

"ఓడిపోయాం."

"మరి ఇవన్నీ ఎవరు తిన్నారు?"

ఒకటి స్టీవార్డు తిన్నాడని చెబితే నమ్మలేదు.